ఆకాశపు సరిహద్దులు – 6 : వాషింగ్టను మీది వలయము

గత ప్రకరణమున 1919 నాటి పారిస్ ఒడంబడికను గూర్చి చెప్పుకొంటిమి. నేలపై ఏలుబడి గల ప్రభుత్వమునకు ఆ నేలమీది ఆకాశముపై గూడ సంపూర్ణాధికారము కలదను సూత్రము నాడు అంతర్జాతీయ ధర్మమై నిలిచినది. సైనికావసరములను బట్టియు, ప్రజాక్షేమమును బట్టియు తన గగనతలములో కొంత భాగమును మూసివేయుటకు ప్రతి ప్రభుత్వమునకును హక్కు కలదనుట 1944 నాటి చికాగో ఒడంబడికలో తొమ్మిదవ అధికరణమై స్థిరపడినది. పరదేశపు విమానమును సరిహద్దు దగ్గఱ నిలుపుట ఈ అధికారములో సులభమైన భాగము. తన దేశపు పౌరుడే, తన సొంత విమానములో, తన దేశపు నగరముమీదికి ఎగిరి వచ్చినపుడు ఏమి చేయవలెననునది కఠినమైన భాగము. ఈ ప్రశ్నకు నూఱేండ్లుగా ప్రభుత్వములు వెదకిన సమాధానములన్నియు ఒక్కచోట చూడగోరువాడు అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియైన వాషింగ్టను మీది ఆకాశమును చూడవలెను.

ఆ కథ భయముతో గాక వేడుకతో మొదలైనది. 1910 అక్టోబరు 14వ తేదీన క్లాడ్ గ్రాహం-వైట్ అను ఆంగ్లేయ వైమానికుడు నగరపు శివారునందలి బెన్నింగ్ గుఱ్ఱపు పందెముల మైదానమునుండి తన ఫార్మన్ విమానమును లేపి, నగరముమీదుగా ఎగిరివచ్చి, శ్వేతసౌధమునకును, దాని ప్రక్కనే విదేశాంగ, సైనిక, నౌకాశాఖలు కొలువున్న పెద్ద కట్టడమునకును నడుమ గల వీథిలో దిగెను. కఱ్ఱకు గుడ్డ తొడిగి తీగెలతో బిగించిన ఆ రెండంతస్తుల రెక్కల యంత్రము దేశాధ్యక్షుని గవాక్షముల క్రింద వచ్చి నిలిచినపుడు ఎవరును తుపాకి ఎత్తలేదు. జనులు హర్షధ్వానములు చేసిరి. అధికారులు దిగివచ్చి చేయి కలిపిరి. ఆ వైమానికుడు మఱల ఆ వీథినుండియే లేచి పోయెను. మఱుసటి యేడు జూలై 14వ తేదీన హ్యారీ అట్‌వుడ్ అను యువకుడు బోస్టను నుండి అంచెలంచెలుగా ఎగిరివచ్చి, శ్వేతసౌధపు దక్షిణపు పచ్చికమీదనే దిగగా, అధ్యక్షుడు టాఫ్ట్ స్వయముగా వెలుపలికి వచ్చి అతనికి పతకము బహూకరించెను. తరువాతి కాలమున అదే పచ్చికమీద దిగినవారి గతి యేమైనదో ముందు చెప్పబోవుచున్నాను గనుక, పాఠకులు ఈ పతకమును కొంచెము జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఆ దినములలో రాజధాని వైమానికులకు పుట్టినిల్లు నగరమునకు ఈశాన్యమున, శ్వేతసౌధమునుండి సుమారు 13 కిలోమీటర్ల దూరములో, మేరీలాండ్ రాష్ట్రమునందున్న కాలేజ్ పార్క్ మైదానము. 1909లో అమెరికా సైన్యము రైట్ సోదరులయొద్ద విమానము నొకదానిని కొనినపుడు, ఇద్దఱు అధికారులకు దానిని నడుప నేర్పుటయు వారి పూచీయే యని ఒప్పందము చేసికొనెను. ఆ పూచీ తీర్చుకొనుటకు విల్బర్ రైట్ శరత్కాలమున ఇచ్చటికి వచ్చి, ఫ్రాంక్ లాం, ఫ్రెడరిక్ హంఫ్రీస్ అను లెఫ్టినెంట్లకు విద్య నేర్పెను. అక్టోబరు 27వ తేదీన ఒక సైనికాధికారి భార్య ఆయన ప్రక్కన కూర్చుండి ఆకాశమున కొన్ని నిమిషములు విహరించి, అమెరికా గడ్డమీద విమానమెక్కిన మొదటి స్త్రీయని పేరు గాంచెను. 1918 ఆగస్టులో తపాలాశాఖవారి విమానములు ఇచ్చటినుండి జాబులు మోయసాగెను. నేడును ఆ మైదానము పనిచేయుచునే యున్నది. ఎడతెగక నడచుచున్న విమానాశ్రయములలో లోకమునకెల్ల ప్రాచీనమైనదిగా దానికి ప్రసిద్ధి. ఈ ప్రకరణమంతటికి ఆ చిన్న మైదానమే నాకు కొలబద్ద. ప్రభుత్వము ఆకాశమునకు వేసిన ప్రతి గీతయు అచ్చట ఎగురు సామాన్యుని బ్రతుకులో ఏమి మార్పు తెచ్చెనో చూచినగాని ఆ గీత విలువ తెలియదు.

మొదటి గీత చాల చిన్నది. 1926లో అధ్యక్షుడు కూలిజ్ సంతకము చేసిన వైమానిక వాణిజ్య చట్టము, దేశరక్షణాదుల కొఱకు గగనతలమున కొంత భాగమును ప్రత్యేకించి యుంచు అధికారమును అధ్యక్షునికి ఒసగెను. కాలక్రమమున శ్వేతసౌధము, కాపిటల్ భవనము, వాని నడుమనున్న విశాలోద్యానము మీది ఆకాశము నిషిద్ధమయ్యెను. పీ-56 అని దానికి పేరు. ఉపాధ్యక్షుడు నివసించు నౌకాశాఖ వేధశాల మీద మఱియొక చిన్న వృత్తము దానికి తోడు. ఈ నిషేధము నేల మొదలు 18,000 అడుగుల యెత్తువఱకు. 1941లో నదియొడ్డున తెఱచిన జాతీయ విమానాశ్రయమునకు వచ్చు విమానములు నేటికిని ఈ నిషిద్ధస్థలమును తప్పించుకొనుటకై పొటోమాక్ నది వంపులను అనుసరించి, ఆ వంపులతోబాటు తామును మెలికలు తిరుగుచు దిగును. ఉత్తరమునుండి అట్లు దిగునపుడు ఎడమప్రక్క కిటికీ దగ్గఱ కూర్చున్న ప్రయాణికునికి లింకన్ మందిరమును, వాషింగ్టను స్తంభమును చేతికందునంత దగ్గఱగా కనబడును. ఈ కొద్దిపాటి స్థలము తప్ప మిగిలిన ఆకాశము 2001వఱకు వైమానికునికి తెఱచియే యుండెను. సొంత విమానము గలవాడు నియంత్రకునితో రేడియోలో మాటలాడి, పెద్ద విమానముల నడుమ తన వంతు వచ్చినపుడు, ఆ జాతీయ విమానాశ్రయములోనే దిగి, బాడుగ కారులో ఊరిలోనికి పోయెడివాడు.

గీతను దాటినవారు లేకపోలేదు. 1974 ఫిబ్రవరి 17వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, హెలికాప్టరు శిక్షణలో ఉత్తీర్ణుడు గాలేక మనసు విఱిగిన ఇరువదేండ్ల సైనికుడొకడు ఫోర్ట్ మీడ్ స్థావరమునుండి సైన్యపు హెలికాప్టరును అపహరించి, నగరముపై చక్కర్లు కొట్టి, మేరీలాండ్ రాష్ట్రపు పోలీసు హెలికాప్టర్లు తఱుముచుండగా తిరిగివచ్చి, అట్‌వుడ్ పతకమందుకొనిన దక్షిణపు పచ్చికమీదనే దిగెను. రక్షకభటులు కాల్చిన గుండ్లకు గాయపడి పట్టుబడెను. అధ్యక్షుడు నిక్సన్ ఆ రాత్రి నగరమున లేడు. తన చేతికి విద్య వచ్చునని నిరూపించుటయే ఆ యువకుని కోరికయట. ఆశ్చర్యమేమనగా, అతడు హెలికాప్టరును నడిపిన తీరుచూచి వెంటాడినవారే మెచ్చుకొనిరి. సైనిక న్యాయస్థానము అతనికి ఒక సంవత్సరము శిక్ష విధించెను.

ఇరువది సంవత్సరముల తరువాతి ఘటన ఇంతకంటె విషాదకరమైనది. 1994 సెప్టెంబరు 11వ తేదీ రాత్రి, సంసారము చెదరి, పని పోయి, మద్యముచే మతి తప్పియున్న ఒక లారీ డ్రైవరు, మేరీలాండులోని ఒక చిన్న మైదానమునుండి సెస్నా 150 విమానమును దొంగిలించెను. రెండు కుర్చీలు, ఒక చిన్న యింజను, మనిషి తోసిన కదలునంత తేలికదనము గల శిక్షణ విమానమది. తెల్లవాఱితే 12వ తేదీ యనగా, రాత్రి 1 గంట 49 నిమిషములకు ఆ విమానము దక్షిణపు పచ్చికను ఢీకొని, జాఱి, ఒక మాగ్నోలియా వృక్షమును ఒఱసికొని, శ్వేతసౌధపు గోడను తాకి నిలిచెను. దానిని నడిపినవాడు అచ్చటనే మరణించెను. భవనమున మరమ్మతులు జరుగుచున్నందున క్లింటను దంపతులు ఎదుటి బ్లెయిర్ హౌసులో నిద్రించుచుండిరి. నగరపు రాడారు తెరమీద ఆ చిన్న చుక్క కనబడినను దానిని గుర్తించి హెచ్చరించినవారు లేకపోయిరి. ఈ ఘటనమీద మొదలైన భద్రతా పరిశీలన క్రమముగా విస్తరించి, లారీలలో తెచ్చెడి ప్రేలుడు పదార్థములే శ్వేతసౌధమునకు ఎక్కువ ప్రమాదకరములని నిర్ణయింపగా, 1995 మే 20వ తేదీన భవనము ముందరి పెన్సిల్వేనియా వీథిని వాహనములకు మూసివేసిరి. ఆకాశమునుండి పడిన విమానమునకు ప్రతిగా మూతపడినది నేలమీది వీథి. ఆకాశము మాత్రము ఎప్పటివలెనే తెఱచియుండెను. నాటి అధికారులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. చిన్న విమానము చేయగల హాని ఎంత స్వల్పమో నాడు అందఱును కన్నులార చూచిరనుటకే చెప్పుచున్నాను.

సరిగా ఏడేండ్లకు, 2001 సెప్టెంబరు 11వ తేదీన, ఆ లెక్క తలక్రిందులయ్యెను. డల్లెస్ విమానాశ్రయమునుండి ఉదయము 8 గంటల 20 నిమిషములకు లేచిన అమెరికన్ సంస్థవారి 77వ సంఖ్య విమానమును దుండగులు వశపఱచుకొని, 8 గంటల 56 నిమిషములకు దాని ట్రాన్స్‌పాండరును, అనగా రాడారు ప్రశ్నకు తన గుర్తును, ఎత్తును బదులు చెప్పు యంత్రమును, ఆపివేసిరి. 9 గంటల 37 నిమిషములకు అది పెంటగాన్ భవనమును ఢీకొనెను. కొలది నిమిషములకే దేశములో ఎగురుచున్న సుమారు 4,500 విమానములను దగ్గఱి మైదానములలో వెంటనే దింపవలెనని ఆజ్ఞ వెలువడెను. ఆ ఆజ్ఞ యిచ్చిన బెన్ స్లైనీకి దేశవ్యాప్త వైమానిక నియంత్రణకు అధిపతిగా అదే మొదటి దినము. నగరమునకు సమీపమున ఆండ్రూస్ స్థావరమునుండి మార్క్ సాసెవిల్, హెదర్ పెన్నీ అను ఇద్దఱు వైమానికులు క్షిపణులు లేని ఎఫ్-16 యుద్ధవిమానములలో లేచిరి. వారు వెదకుచు పోయినది దారి మఱలించబడిన మఱియొక ప్రయాణికుల విమానమును. ఎదురుపడినచో తమ విమానములనే దానికి తగిలించి కూల్చవలెనని నిశ్చయించుకొనియే లేచిరి. అప్పటికే ఆ విమానము, లోపలి ప్రయాణికులు తిరుగబడినందున, 10 గంటల 3 నిమిషములకు పెన్సిల్వేనియాలోని పొలములలో పడిపోయెను. అది వాషింగ్టనుకు ఇరువది నిమిషముల దూరమున నుండెను.

ఈ ఇరువది నిమిషములే తరువాతి చరిత్రకంతటికిని మూలము. జాతీయ విమానాశ్రయము అక్టోబరు 4వ తేదీవఱకు మూతపడెను. సొంత విమానములకైతే 2005 అక్టోబరువఱకు అచ్చట చోటు లేకపోయెను, తరువాతను సాయుధుడైన రక్షకుని వెంటబెట్టుకొని, నిర్ణీతమైన ఊళ్లలో తనిఖీ పొంది వచ్చినవారికే చోటు. కాలేజ్ పార్క్, పొటోమాక్, హైడ్ అను మూడు మేరీలాండ్ మైదానములు నెలలపాటు తాళము వేసిన యిండ్లవలె పడియుండెను. 2002 ఫిబ్రవరిలో అచ్చట విమానములు నిలుపుకొనిన స్థానికులకు మాత్రము తిరిగి ఎగురుటకు అనుమతి లభించెను. పైయూరి వైమానికులు రావలెనన్న 2005వఱకు ఆగవలసివచ్చెను. ఆ అనుమతి పొందు విధము తెలిసికొనదగినది. వైమానికుడు వ్రేలిముద్రలు ఇయ్యవలెను. అతని పూర్వవృత్తాంతమును, నేరచరిత్రను ప్రభుత్వము శోధించును. వైమానికశాఖ కార్యాలయమున పత్రములు చూపవలెను. మైదానపు రక్షణవిధులను నేర్వవలెను. అప్పుడతనికి ఒక రహస్యసంఖ్య లభించును. ఎగురదలచిన ప్రతిసారియు టెలిఫోనులో ఆ సంఖ్య చెప్పి, పోవు మార్గము దాఖలు చేసి, ఆ ప్రయాణమునకే కేటాయించిన నాలుగంకెల గుర్తును ట్రాన్స్‌పాండరులో అమర్చుకొని, నియంత్రకుని పిలుపు విన్నగాని చక్రము కదలరాదు. విల్బర్ రైట్ ఇద్దఱు లెఫ్టినెంట్లకు విద్య నేర్పిన పచ్చికమీద నేటి వైమానికుని స్థితి యిది. పరిసరముల వర్తకులు, శిక్షకులు, మెకానిక్కులు ఆ యేండ్లలో పడిన బాధ తలంచినపుడు నాకు మనసు కలగును. ఒక్క నేరమును చేయని జనులు వారు.

2003 ఫిబ్రవరిలో, ఇరాకు యుద్ధము ముంచుకొనివచ్చు దినములలో, నగరముచుట్టు రెండు వలయములు వెలసెను. వెలుపలి వలయము అభిజ్ఞాన మండలము: దానిలో ప్రవేశించు ప్రతి విమానమును తానెవరో ముందుగా చెప్పవలెను. 1950లలో సోవియట్ బాంబరుల భయముచే సముద్రతీరములందు గీచిన మండలముల పేరునే దేశగర్భమునందలి ఈ నగరమునకు పెట్టిరి. లోపలి వలయములో ప్రయాణికుల విమానములకును, ప్రభుత్వ విమానములకును, పైన చెప్పిన రహస్యసంఖ్య గలవారికిని తప్ప చోటు లేదు. నేడు వెలుపలి వలయపు వ్యాసార్ధము జాతీయ విమానాశ్రయము నుండి 30 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 55 కిలోమీటర్లు. ఈ 30 అను సంఖ్య దూరమునకు కాక కాలమునకు కొలతయని గ్రహించినగాని దీని యంతరార్థము బోధపడదు. గంటకు నూఱు నాటికల్ మైళ్లు పోవు సెస్నా ఆ అంచునుండి శ్వేతసౌధము చేరుటకు 18 నిమిషములు పట్టును. 480 మైళ్ల వేగముతో వచ్చు జెట్టునకు నాలుగు నిమిషములైనను పట్టవు. రాడారు తెరముందు కూర్చున్నవాడు ఒక చుక్కను చూచి, పిలిచి, బదులు రాకపోగా పైవారికి తెలిపి, యుద్ధవిమానములు లేచి, దానిని కనుగొని, అది త్రోవ తప్పినదో తెగించినదో నిర్ణయించి, కూల్చుటకు ఆజ్ఞ పొందవలసినంత కాలమును ఆకాశములో స్థలముగా కొలిచి పఱచినట్టిది ఈ వలయము. జెట్టువంటి ఉపద్రవమును తలచుకొని గీచిన ఆ వలయములో ఆ ఉపద్రవమునకు కాలము చాలదు; కాలము చాలునంత మెల్లగా పోవునది హాని చేయజాలని చిన్న విమానము. ఈ వైరుధ్యము నాటికి నేటికి తీఱలేదు.

వలయమున చిక్కిన మొదటి పెద్ద చేప ఒక రాష్ట్రపు గవర్నరే. 2004 జూన్ 9వ తేదీన మాజీ అధ్యక్షుడు రేగన్ పార్థివదేహమును కాపిటల్ భవనమునకు తెచ్చుచుండగా, కెంటకీ గవర్నరు ఎర్నీ ఫ్లెచర్ వచ్చుచున్న ప్రభుత్వ విమానములో ట్రాన్స్‌పాండరు చెడిపోయెను. నియంత్రకులకు ఆ సంగతి తెలిసి అనుమతించిరి, రక్షణాధికారులకు తెలియలేదు. పోలీసులు కేకలు వేయగా శాసనసభ్యులు, అతిథులు, కెమెరాలవారు భవనమునుండి పరుగులు తీసిరి. శత్రువు లేడు, తప్పు లేదు. రెండు కార్యాలయముల నడుమ ఒక మాట అందలేదు.

అంతకంటె ప్రసిద్ధమైనది 2005 మే 11వ తేదీ యుదంతము. పెన్సిల్వేనియాలోని స్మోక్‌టౌన్ అను పల్లె మైదానమునుండి ఒక శిక్షణ సెస్నా, మునుపు పచ్చికమీద కూలిన నమూనాదే, ఇద్దఱు మనుష్యులతో ఉత్తర కరోలినాలో వైమానిక ప్రదర్శన చూచుటకు బయలుదేఱెను. నడుపుచున్నవాడు ఇంకను శిక్షణలోనున్న విద్యార్థి. ప్రక్కనున్న లైసెన్సుగల వైమానికుడు మార్గము చూచుకొనవలసిన విధముగా చూచుకొనలేదు. తాము రాజధాని వలయములో దూఱితిమని వారికి తెలియదు. క్రింద నగరమున మధ్యాహ్నపు వేళ కాపిటల్ భవనమును, సర్వోన్నత న్యాయస్థానమును ఖాళీ చేయించుచుండిరి. శ్వేతసౌధమున అపాయసూచిక ఎఱుపునకు మారెను. ఉపాధ్యక్షుడు చెనీని కారులో దూరముగా కొనిపోయిరి. అధ్యక్షుని భార్యను, అతిథిగా వచ్చియున్న నాన్సీ రేగనును భూగృహమునకు చేర్చిరి. అధ్యక్షుడు బుష్ మేరీలాండ్ అడవిలో సైకిలు త్రొక్కుచుండెను; ఆయనకు గాని, నగరపు మేయరు ఆంథొనీ విలియమ్సునకు గాని, అంతయు ముగిసిన తరువాతనే తెలిసెను.

ఆకాశమున ఏమి జరిగెనో కొంచెము దగ్గఱగా చూతము. సెస్నా గంటకు నూఱు మైళ్ల లోపు వేగముతో పోవుచున్నది. దానికి ఎదురేగిన ఎఫ్-16 అంత మెల్లగా ఎగురజాలదు; నిలువలేక ముందుకు దూసుకొనిపోయి, పెద్ద వృత్తము తిరిగి, మఱల వచ్చును. అంతర్జాతీయ మర్యాద ప్రకారము అడ్డగించువాడు రెక్కలు ఊపి, ఎడమవైపునకు మెల్లగా తిరిగినచో నా వెంట రమ్మని యర్థము. చిన్న విమానపు వైమానికుడును రెక్కలు ఊపి వెంబడింపవలెను. ఇది పరీక్షలో వ్రాసి మఱచిన పాఠము చాలమందికి. ప్రక్కగా యుద్ధవిమానము గర్జించి పోయి, దాని వెనుక సుడిగాలికి తన విమానము ఊగిపోవుచుండగా, 121.5 అను ఆపత్కాలపు ఫ్రీక్వెన్సీకి రేడియోను త్రిప్పవలెనని తోచుట యెంతమందికి సాధ్యము? ఎఫ్-16లు నిప్పుబంతులను విడిచెను. శ్వేతసౌధమునకు మూడు మైళ్ల దూరములో సెస్నా పడమరకు తిరిగెను. ఫ్రెడరిక్ పట్టణములో దిగగానే ఇద్దఱికి సంకెళ్లు వేసిరి. ప్రశ్నించి, దురుద్దేశము లేదని తేల్చి విడిచిపెట్టిరి. పెద్దవాని లైసెన్సు రద్దయ్యెను. ఆ రద్దు న్యాయమే యని నా యభిప్రాయము. పటము చూడకుండ రాజధాని దారిన పోవువాడు తన ప్రాణముతోబాటు క్రిందివారి ప్రాణములను గూడ పందెమొడ్డుచున్నాడు. కాని ఆ నిమిషములలో ఆజ్ఞ మఱియొక విధముగా వెలువడియున్నచో, ఏమి జరిగియుండెడిదో తలంచుటకే భయము వేయును.

ఈ భయమే కొన్ని మంచి యేర్పాట్లకు దారితీసెను. పది దినములకే, మే 21వ తేదీన, త్రోవ తప్పినవానికి కంటితోనే హెచ్చరిక చేయుటకు లేసరు దీపములను వినియోగమునకు తెచ్చిరి: ఎఱుపు, ఎఱుపు, ఆకుపచ్చ వరుసగా వెలుగు కిరణము విమానమును వెదకి తాకును, రేడియో పని చేయనివానికిని అది అర్థమగును. 2006 సెప్టెంబరునుండి మెల్లని విమానములను అడ్డగించు పని తీరరక్షకదళపు డాల్ఫిన్ హెలికాప్టర్లకు అప్పగించిరి. హెలికాప్టరు సెస్నాతో సమవేగమున ప్రక్కన ఎగిరి, తలుపు దగ్గఱ అమర్చిన విద్యుద్దీపపు పలకమీద, ఏ ఫ్రీక్వెన్సీకి రేడియో త్రిప్పవలెనో అక్షరములలో చూపును. ఎఫ్-16 గర్జనకంటె ఆ పలకలోని అక్షరములే ఎక్కువమంది ప్రాణములను కాపాడగలవని నేను నమ్ముచున్నాను.

అమెరికా పార్లమెంటు కొఱకు లెక్కలు పరిశీలించు కార్యాలయము 2005లో చెప్పినదాని ప్రకారము, 2001 సెప్టెంబరు 12 మొదలు 2004 చివఱివఱకు దేశములో నిషిద్ధ, నియంత్రిత గగనతలములలో జరిగిన అతిక్రమణములు సుమారు 3,400. వానిలో నూటికి 88 సొంత విమానములు మొదలైన చిన్న విమానములవి. దారి తప్పుట, ఉరుము మబ్బును తప్పించుకొనుట, దినదినము మారు ప్రకటనలను చదువకపోవుట: ఇట్టివే వానికి సామాన్య కారణములు. తాత్కాలికమని పెట్టిన వలయమును శాశ్వతము చేయ ప్రభుత్వము ప్రతిపాదింపగా, 20,000కు పైగా అభిప్రాయములు వచ్చి పడెను. మిక్కిలి భాగము వ్యతిరేకములే. 2006 జనవరిలో బహిరంగసభలు జరిగెను. అయినను 2009 ఫిబ్రవరి 17వ తేదీనుండి వలయము శాశ్వత శాసనమయ్యెను. ప్రజల మాట పూర్తిగా వృథా కాలేదు: అంచునందున్న మైదానములవారికి కొన్ని సడలింపులు లభించెను, 60 మైళ్ల లోపల కంటిచూపుతో ఎగురువారందఱును ఒక పాఠము చదివి ధ్రువపత్రము వెంట నుంచుకొనవలెనను నియమము వచ్చెను. ఫ్లూకీ, వూలీ, పాలియో మొదలైన పేర్లుగల ద్వారములు ఆకాశములో నేర్పడెను. వైమానికుడు ఏ ద్వారమున వచ్చునో ముందుగా చెప్పి, ప్రత్యేక సంకేతము పొంది, నియంత్రకునితో మాటలాడుచు ప్రవేశించును. తెలిసి అతిక్రమించినవానికి ఏడాదివఱకు చెఱ. ప్రాణాంతకమైన బలమును ప్రయోగింపవచ్చునని ప్రకటనలలో స్పష్టముగా వ్రాసియున్నది. డల్లెస్ చుట్టుప్రక్కల హెర్న్‌డన్, ఆష్‌బర్న్ మొదలగు ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ వలయము క్రిందనే కాపురమున్నవి. వారిలో ఎవరైన విమానవిద్య నేర్వబోయిన, ఇంకను ఆ దేశపు పౌరులు కానిచో, మొదటి పాఠమునకు ముందే కేంద్ర రవాణా భద్రతా సంస్థ తనిఖీలో నెగ్గవలెను.

ఇంత కట్టుదిట్టము చేసిన తరువాత 2015 ఏప్రిల్ 15వ తేదీన, ఫ్లారిడాకు చెందిన ఒక తపాలా ఉద్యోగి, గెటిస్‌బర్గ్ నుండి పైకప్పు లేని చిన్న గైరోకాప్టరులో, ఎన్నికలలో ధనబలమును నిరసించు 535 ఉత్తరములతో, పట్టపగలు ఎగిరివచ్చి కాపిటల్ పచ్చికమీద దిగెను. రాడారులు దానిని చూడకపోలేదు. పక్షులగుంపునకును, గాలిపటమునకును, మబ్బుతునుకకును దానికిని భేదము తెలియక యంత్రము వడపోసి పాఱవేసినదని సేనాధిపతులు పార్లమెంటు ముందు చెప్పవలసివచ్చెను. అతనికి 120 దినముల చెఱ విధించిరి. 2023 జూన్ 4వ తేదీన మఱియొక తరహా సంగతి: టెన్నెసీ నుండి లాంగ్ ఐలాండ్‌కు బయలుదేఱిన సొంత జెట్టు ఒకటి, గమ్యముమీద వెనుకకు తిరిగి, 34,000 అడుగుల యెత్తున ఎవరి పిలుపునకును బదులీయక రాజధాని మీదుగా పోయెను. ఎఫ్-16లు ధ్వనివేగమును మించి దాని వెంట పోగా నగరపు కిటికీలు అదరెను. లోపలివారు గాలియొత్తిడి తగ్గి అప్పటికే స్పృహ తప్పియుందురని తరువాత తేలెను. విమానము వర్జీనియా కొండలలో కూలి నలువురు మరణించిరి. కూల్చుటకు గాని, కాపాడుటకు గాని వెంబడించినవారికి అవకాశము లేకపోయెను.

2025 జనవరి 29వ తేదీ రాత్రి, వలయపు నడిబొడ్డున, జాతీయ విమానాశ్రయమున దిగబోవుచున్న ప్రయాణికుల విమానమును సైన్యపు బ్లాక్ హాక్ హెలికాప్టరు పొటోమాక్ నదిమీద ఢీకొని 67 మంది మరణించిరి. ఇద్దఱికిని అచ్చట ఎగురుటకు సంపూర్ణమైన అనుమతి కలదు. ఇద్దఱి గుర్తును నియంత్రకులకు తెలియును. ఉపగ్రహముల ఆధారముతో తన స్థానమును చుట్టునున్నవారికి చాటు ప్రసారము, వలయమునందు చిన్న సెస్నాకును తప్పనిది, ఆ హెలికాప్టరునుండి ఆ సమయమున వెలువడుట లేదు. ఎవరు వచ్చుచున్నారని అడుగుటకు ఇరువదియేండ్లుగా వెచ్చించిన ధనములో, శ్రద్ధలో, వచ్చినవారు ఒకరికొకరు తగులకుండ చూచుటకు ఎంత వెచ్చించితిమని ఆ దేశపు పార్లమెంటు అడుగవలెననియే నా కోరిక.

వలయమునకు క్షిపణులను సైతము చేర్చుకొనిన మఱియొక రాజధాని కలదు. 1987 మే 28వ తేదీన, హెల్సింకీ నుండి స్టాక్‌హోమ్‌కు పోవుచున్నానని చెప్పి లేచిన పదునెనిమిదేండ్ల జర్మను యువకుడొకడు సెస్నా 172లో ఆ రాజధానికి పోయి, క్రెమ్లిన్ గోడప్రక్కన దిగెను. రెండు దినములకే సోవియట్ రక్షణమంత్రి సొకొలోవ్, గగనరక్షణాధిపతి కొల్దునోవ్ పదవులు కోల్పోయిరి. దారిపొడవున ఆ విమానమును చూచినవారు ఎవరెవరు, చూచియు ఏల ఊరకుండిరి అనునది వచ్చు ప్రకరణమున.

(సశేషము)